ప్రభుత్వం లేకుండా జనం కలిసి పనిచేయగలరా? పొదుపు సంఘాల అనుభవంతో ఒక జవాబు

మీ ప్రశ్న ఇది: "అనార్కిజం చదవడానికి బాగానే ఉంటుంది. కానీ పోలీసు లేకపోతే నాలుగు రోజుల్లో కొట్టుకు చస్తాం. ప్రభుత్వం ప్రమేయం లేకుండా జనం ఇష్టపడి కలిసి నడుపుకున్న పని మన దగ్గర నిజంగా ఏదైనా ఉందా? ఉంటే, అపార్ట్‌మెంట్‌లో ఉండే మామూలు ఉద్యోగికి అది ఎందుకు పనికొస్తుంది?"

ఉందండీ, చాలానే ఉంది. పొదుపు సహకార సంఘాల్లో లెక్కలు చూడడం, లెక్కలు రాయడం నేర్పడం నా పని. చాలా ఏళ్ళు అదే చేశాను. కాబట్టి పుస్తకాల్లోని మాట కన్నా చాప మీద కూర్చుని చూసిన దాని గురించే ఎక్కువ చెప్తాను. అయితే ముందే ఒక మాట. ప్రభుత్వం లేని చోటల్లా మంచి సహకారం ఉంటుందని నేను చెప్పబోవడం లేదు. ప్రభుత్వంతో సంబంధం లేకుండా నడిచే దుర్మార్గమైన ఏర్పాట్లు కూడా మన ఊళ్ళలో ఉన్నాయి. ఆ రెంటినీ ఎలా వేరు చేసి చూడాలన్నదే నా జవాబులో ముఖ్యమైన భాగం.

పెత్తనం చేసే ప్రభుత్వం లేకుండా జనమే కలిసి తమ పనులు నడుపుకోవచ్చనే ఆలోచన అనార్కిజం. నియమాలు అక్కర్లేదని అనార్కిస్టులు అనరు. నియమం పెట్టేవాళ్ళు ఒకరు, దాన్ని మోసేవాళ్ళు ఇంకొకరు కాకూడదంటారు. వాళ్ళలో ఒకడైన పీటర్ క్రొపోత్కిన్ (1842–1921) రష్యాలో జమీందారీ కుటుంబంలో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో సైనికాధికారిగా సైబీరియా వెళ్ళాడు. రాజధానిలో తయారైన పథకాలు అక్కడికి చేరేసరికి కాగితాలుగానే మిగిలిపోవడం చూశాడు. మారుమూల జనం మాత్రం తమలో తాము మాట్లాడుకుని పనులు చక్కబెట్టుకుంటున్నారు. బలవంతుడే బతుకుతాడని డార్విన్ పేరు మీద చెప్పుకుంటున్న రోజులవి. ఒకరికొకరు సాయపడే జీవులే ఎక్కువ నిలబడ్డాయని ఆయన 1890 నుంచి వరుసగా వ్యాసాలు రాసి, 1902లో పుస్తకంగా తెచ్చాడు.

ఆయన తరచూ చెప్పిన ఉదాహరణ బ్రిటన్ తీరంలోని లైఫ్‌బోట్ సంస్థ. అది 1824లో మొదలైంది. తుపానులో ఓడ మునిగిపోతుంటే పడవ వేసుకుని వెళ్ళేది ఆ తీరంలోని మామూలు మనుషులే, అదీ స్వచ్ఛందంగా. మధ్యలో 1854 నుంచి 1869 వరకు ప్రభుత్వ గ్రాంటు తీసుకున్నారు, తరువాత మానుకున్నారు. ఈనాటికీ ఎక్కువ భాగం విరాళాలతోనే నడుస్తోంది. అలాంటిది మనకూ తెలుసు. 2018 ఆగస్టులో కేరళ వరదల్లో జాలర్లు తమ పడవలను లారీల మీదికెక్కించి, సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళకు తీసుకెళ్ళి వేలమందిని కాపాడారు. డీజిల్‌కు డబ్బు ఎవరిస్తారు, పడవ పగిలితే ఎవరు కట్టిస్తారు అని తేల్చుకున్నాక బయల్దేరలేదు.

అయితే ఆపద వేళ జనం కలవడం ఒక ఎత్తు, ప్రతి నెలా, ఏ ఉత్సాహమూ లేని రోజుల్లో కూడా కలిసి నడవడం ఇంకో ఎత్తు. మీ అనుమానం ఈ రెండోదాని మీదే అనుకుంటాను. దానికి నెల్లూరు జిల్లా నుంచి మొదలుపెట్టాలి.

1980లలో మన రాష్ట్ర ప్రభుత్వమే సారాను పాలిథిన్ ప్యాకెట్లలో అమ్మించింది. సారా వేలం పాటల మీద వచ్చే ఆదాయం ఖజానాకు చాలా ముఖ్యం. అంటే కూలిడబ్బు మగవాడి చేతిలోంచి సారా కొట్టుకు, కొట్టు నుంచి కాంట్రాక్టరుకు, అక్కడి నుంచి ప్రభుత్వానికి పోయేది. 1990 తరువాత నెల్లూరులో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రిపూట చదువు కోసం కూడిన ఆడవాళ్ళు చదువుతో పాటు తమ ఇళ్ళ సంగతీ మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా కొట్టు మూయించారు. ఆ కబురు ఊరి నుంచి ఊరికి పాకింది. ఊళ్ళోకి సారా బండి రాకుండా అడ్డుకున్నారు, ప్యాకెట్లు తగలబెట్టారు. 1992లో జిల్లాలో వేలం పాట జరపలేక అధికారులు దాన్ని పదేపదే వాయిదా వేయాల్సి వచ్చింది. ఏ పార్టీ ఆఫీసు నుంచీ వాళ్ళకు ఆదేశం రాలేదు. అర్జీ పెట్టుకుని ఎదురు చూడకుండా తమ చేతిలో ఉన్న పని తామే చేసేయడాన్ని అనార్కిస్టులు ప్రత్యక్ష చర్య అంటారు. మన దగ్గర దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ రాత్రి బడులను నడిపింది ప్రభుత్వ కార్యక్రమమేనని కూడా ఒప్పుకోవాలి. ఆడవాళ్ళు ఒకచోట కూర్చునే అవకాశం దాని వల్లే వచ్చింది.

తరువాత జరిగింది కూడా గమనించండి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అయింది. 1997లో దాన్ని సడలించి, సారా మినహా మిగతా మద్యానికి మళ్ళీ దారి ఇచ్చారు. ఊరి ఆడవాళ్ళు కాపలా కాసినన్నాళ్ళూ ఆ ఊళ్ళో కొట్టు తెరుచుకోలేదు. కాపలా చట్టానికి అప్పగించాక, చట్టం మార్చేవాళ్ళకు ఒక్క సంతకం సరిపోయింది. చట్టం వద్దనేది నా మాట కాదు. చట్టం వచ్చిందని ఊళ్ళో కూడడం మానేస్తే ఏమవుతుందో చెప్తున్నాను.

ఆ ఆడవాళ్ళు చేసిన రెండో పని గురించి తక్కువమందికి తెలుసు. సారాకు పోకుండా మిగిలిన డబ్బును రోజుకు రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. నెల్లూరులో అది పొదుపులక్ష్మి అనే పేరుతో పెద్ద ఉద్యమమైంది. తరువాత ఆ గుంపులన్నీ డ్వాక్రా కిందికి వచ్చాయి. బ్యాంకు లింకేజీ వచ్చింది, పావలా వడ్డీ వచ్చింది. లక్షల ఇళ్ళకు దానివల్ల మేలు జరిగింది, అది కాదనలేను. కానీ డబ్బు పై నుంచి రావడం మొదలయ్యాక కూటమి స్వభావం మారిపోయింది. మన డబ్బు ఎక్కడుంది అని అడిగే ఆడవాళ్ళు, మాఫీ ఎప్పుడొస్తుంది అని అడగడం మొదలుపెట్టారు. లీడరమ్మ పని లెక్క చెప్పడం నుంచి సభలకు జనాన్ని తీసుకెళ్ళడం దాకా వచ్చింది.

దీనికి పక్కనే, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో 1990 నుంచి ఇంకో రకం పొదుపు సంఘాలు పెరిగాయి. వాటి పద్ధతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు కిటుకంతా అందులోనే ఉంది. ఒక ఊరి ఆడవాళ్ళు కొన్ని వందల మంది సభ్యులు. నెలనెలా అందరూ సమానంగా కొంత దాస్తారు. బయటి అప్పు, గ్రాంటు తీసుకోరు. ఉన్న పొదుపులోంచే అప్పులిస్తారు. ఎవరికి ఎంత అన్నది వాళ్ళ పొదుపును బట్టి, జామీనుదారులను బట్టి ఉంటుంది. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే చోట కూడతారు. డబ్బు అందరి ముందు లెక్కపెడతారు. వచ్చినది, ఇచ్చినది, మిగిలినది పైకి చదువుతారు. చదువురాని ఆమె కూడా తన అంకె విని "నాది అంత కాదే" అని అక్కడే అనగలదు. ఏడాది చివర మిగులును పొదుపు మీద పంచుకుంటారు. సభ్యురాలు చనిపోతే అప్పు ఆ ఇంటి మీద పడకుండా అందరూ కలిసి వేసుకున్న నిధి ఒకటి ఉంటుంది.

వాయిదా తప్పితే ఏం చేస్తారని అందరూ అడుగుతారు. మొదటిసారి చిన్న జరిమానా. రెండోసారి జామీనుదారులు ఇంటికి వెళ్ళి మాట్లాడతారు. తరువాత కొత్త అప్పు ఆగుతుంది. చివరికి ఆమె పొదుపులోంచి మినహాయిస్తారు. శిక్ష మెల్లగా, మెట్టుమెట్టుగా పెరుగుతుంది. ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ పరిశోధకురాలు చెరువులు, అడవులు, చేపల రేవులు ఉమ్మడిగా నడుపుకునే జనాన్ని అనేక దేశాల్లో పరిశీలించి ఇదే విషయం రాశారు. ఎక్కువ కాలం నిలిచిన చోట్ల నియమం జనమే పెట్టుకున్నారు, కాపలా ఉన్నవాడు జనానికే జవాబుదారీ, తప్పుకు శిక్ష చిన్నదిగా మొదలై పెరుగుతుంది, తగవు తీర్చుకునే చోటు దగ్గర్లో ఉంటుంది. ఆ పనికి 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పొదుపు సంఘంలో కూర్చునే ఆడవాళ్ళు ఆమెను చదవలేదు. తిప్పలు పడి అదే చోటికి చేరారు.

దీన్ని మన వీధి చిట్టీతో పోల్చి చూడండి. చిట్టీ కూడా ప్రభుత్వం లేని సహకారమే, నమ్మకం మీదే నడుస్తుంది. మరి ఎందుకు చిట్టీ ఎత్తేసి పారిపోయినవాళ్ళ కథలు ప్రతి కాలనీలో ఉన్నాయి? డబ్బు, పుస్తకం రెండూ ఒక్కరి దగ్గరే ఉంటాయి కాబట్టి. నలుగురూ ఒకచోట కూర్చుని లెక్క వినే రోజు ఉండదు కాబట్టి. ఆ మనిషి చెడ్డవాడు కావడం కన్నా, ఎవరికీ కనపడకుండా ఇబ్బందిలో పడడమే ఎక్కువసార్లు జరుగుతుంది.

మన రాష్ట్రంలో ఈ సంఘాలకు ఒక చట్టపరమైన గొడవ కూడా ఉండేది. 1964 సహకార చట్టం కింద ప్రభుత్వ అధికారి అయిన రిజిస్ట్రారుకు చాలా అధికారం ఉండేది. పాలకవర్గాన్ని రద్దు చేసి, ఆ కుర్చీలో ఒక అధికారిని కూర్చోబెట్టవచ్చు. సభ్యులు తమ డబ్బుతో పెట్టుకున్న సంఘం ఒక ఉత్తర్వుతో ప్రభుత్వ శాఖలా మారిపోయేది. చాలా పోరాటం తరువాత 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా ధనం లేని సంఘం తన నియమావళి తానే రాసుకోవచ్చు, ఎన్నికలు తానే పెట్టుకోవాలి, ఆడిటు తానే చేయించుకోవాలి. దేశంలో అలాంటి చట్టం మొదట తెచ్చింది ఆంధ్రప్రదేశే. ప్రభుత్వాన్ని దూరంగా ఉంచడానికి కూడా చట్టమే కావలసి వచ్చిందని మీరు అనవచ్చు. నిజమే. సిద్ధాంతంలో గట్టి పట్టున్న అనార్కిస్టుకు ఇది నచ్చకపోవచ్చు. నాకైతే ఇబ్బంది లేదు. 1956లో ముల్కనూరులో రైతులు పెట్టుకున్న సహకార సంఘం అప్పు, ఎరువు, విత్తనం, ధాన్యం అమ్మకం అన్నీ ఒకచోట చేర్చి ఇన్ని దశాబ్దాలు నిలిచింది. అలాంటివి బతకడానికి కాస్త ఊపిరాడే చోటు ఉండాలి, అంతే.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సిన విషయం. అనార్కిజం మీద మన నేల నుంచి వచ్చే అతిపెద్ద అభ్యంతరం పోలీసు లేకపోవడం గురించి కాదు, ఊరి గురించి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఊరిని పొగిడేవాళ్ళను నిలదీశారు. అజ్ఞానానికి, సంకుచితత్వానికి, మతతత్వానికి అది నెలవని అన్నారు. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన దళితుల హత్యలు చూసినవాళ్ళకు ఆ మాట వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. చుండూరులో హత్యలకు ముందే సాంఘిక బహిష్కరణ నడిచింది. బహిష్కరించడానికి ప్రభుత్వం అక్కర్లేదు. ఊళ్ళో పెత్తనం ఉన్న కులాలు కలిసి మాట్లాడుకుంటే చాలు. అది కూడా సహకారమే.

పాత కథ కదా అనుకోకండి. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు చాలా ఊళ్ళలో వీడీసీలు, అంటే గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నాయి. వాటికి చట్టంలో చోటు లేదు. కులాల వారీగా పెద్దలు కూర్చుంటారు. బెల్టు షాపు ఎవరు పెట్టాలో, ఇసుక ఎవరు తోలాలో పాట పెడతారు. వచ్చిన డబ్బుతో గుడి, బడి, రోడ్డు పనులూ చేస్తారు. మాట వినని కుటుంబాన్ని, ఒక్కోసారి మొత్తం కులాన్ని వెలివేస్తారు. వాళ్ళకు సరుకు అమ్మినా, మాట్లాడినా జరిమానా. ప్రభుత్వం లేకుండా, పైపైకి అందరి ఒప్పందంతో, సమర్థంగా నడిచే సంస్థ అది. దాన్ని నేను స్వేచ్ఛాయుత సహకారం అనను, ఎవరైనా అంటే ఒప్పుకోను.

తమిళనాడు వైపు పులికాట్ సరస్సులో జాలర్లు వేట చోట్లను వంతుల వారీగా పంచుకునే పాడు అనే పద్ధతి ఉంది. ఇవాళ మంచి చోటు మీకు వస్తే రేపు మాకు. చేపలు పట్టే విషయంలో ఎంతో న్యాయంగా ఉండే ఏర్పాటు. కానీ ఆ వంతు ఒక కులం జాలర్లకే. లోపల సమానత్వం ఉన్నంత మాత్రాన గోడ లేదని కాదు.

అందుకే ఇలాంటి ఏర్పాటు కనపడగానే ప్రభుత్వం ఉందా లేదా అన్నది నేను రెండో ప్రశ్నగా అడుగుతాను. మొదటి ప్రశ్న: ఇందులో ఉన్న అందరికన్నా బలహీనమైన మనిషి "నేను రాను" అని చెప్పి, తన బతుకు పోగొట్టుకోకుండా బయటికి నడవగలదా? పొదుపు సంఘంలో నడవగలదు. తన పొదుపు లెక్క కట్టించుకుని తీసుకుపోతుంది, మర్నాడు కూడా బావి దగ్గర అందరూ పలకరిస్తారు. వీడీసీలో నడవలేదు. కారంచేడు మాదిగలు ఊరు విడిచి చీరాల వెళ్ళి శిబిరంలో ఉండాల్సి వచ్చింది. బయటికి వెళ్ళే హక్కుకు అంత ధర ఉన్నచోట లోపలున్న వాళ్ళ ఒప్పందానికి విలువ లేదు.

అలాగని ప్రభుత్వం ఆ పని చేసిపెట్టిందా? చుండూరు బాధితులు పట్టుబట్టి తమ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో అది 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. హత్య జరిగిన 23 ఏళ్ళకు వచ్చిన ఫలితం అది. చట్టం అక్కర్లేదని దీన్నుంచి నేను తేల్చను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేది. కానీ ఆ ఇరవై మూడేళ్ళూ ఆ కుటుంబాలను నిలబెట్టింది వాళ్ళు తమంతట తాము కట్టుకున్న పోరాట కమిటీలు, వాళ్ళకు అండగా వచ్చిన జనం. పెత్తనానికి ఎదురు నిలిచే సహకారం కూడా ఉంటుంది, దాని గురించి మాట్లాడకుండా అనార్కిజం గురించి తెలుగులో మాట్లాడలేం.

పెత్తనం లేకుండా ఊరు నడపడం కుదురుతుందా అంటే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా అనే చిన్న గోండు ఊరిని చూడమంటాను. మన సరిహద్దుకు అవతల ఉన్న జిల్లానే. "ఢిల్లీలో, ముంబైలో మా సర్కారు, మా ఊళ్ళో మేమే సర్కారు" అనేది వాళ్ళ నినాదం. అక్కడ మెజారిటీ ఓటుతో నిర్ణయం తీసుకోరు. ఒక్కరు ఒప్పుకోకపోయినా మళ్ళీ కూర్చుంటారు. ఆడవాళ్ళు మాట్లాడకుండా నిర్ణయం కాదు. అటవీ హక్కుల చట్టం కింద 2009లో ఆ ఊరికి సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. వెదురు తామే అమ్ముకుంటున్నారు. ఆ ఊళ్ళో భూమి మీద, కులం మీద మన ఊళ్ళంత ఎగుడుదిగుడు లేదన్నది నిజం. అదే వాళ్ళ పని సులువు చేసింది. ఏకాభిప్రాయం అనే పద్ధతిని ఎత్తుకొచ్చి, దొర గడి ఉన్న ఊళ్ళో పెడితే దొర మాటే ఏకాభిప్రాయమవుతుంది.

పెద్ద పనుల సంగతేమిటి? కృష్ణా నీళ్ళు, టీకాలు, హైటెన్షన్ లైన్లు? చిన్న సంఘాలు కలిసి సమాఖ్యలుగా ఏర్పడితే అవీ చేయవచ్చని అనార్కిస్టులు అంటారు. కొంతవరకు నిజం, పొదుపు సంఘాల సమాఖ్యలను నేనే చూశాను. కానీ సమాఖ్య పైకి వెళ్ళే కొద్దీ లెక్క వినే చెవులు తగ్గుతాయి. నది నీళ్ళ పంపకం దాకా దాన్ని సాగదీయడం నాకు నమ్మకం కుదరని విషయం.

ఇక మీ అపార్ట్‌మెంట్. అసోసియేషన్ ఎన్నికలతో మొదలుపెట్టకండి, అది ముఠాలకు దారి తీస్తుంది. అందరికీ నొప్పి ఉన్న ఒకే ఒక్క పని తీసుకోండి. ఏప్రిల్‌లో బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకుంటారు కదా, దాని లెక్కతో మొదలుపెట్టండి. ఎన్ని ట్యాంకర్లు, ఎంత రేటు, ఎవరు ఫోన్ చేశారు అన్నది లిఫ్టు పక్కన కాగితం మీద రోజూ రాయండి. వాట్సాప్ గ్రూపులో పెడితే చాలదు, కిందికి జారిపోతుంది. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉంచండి. మూడు నెలలకు ఆ ఇద్దరినీ మార్చేయండి, బాగా చేస్తున్నా సరే. బాగా చేస్తున్న మనిషిని మార్చకపోతే రెండేళ్ళకు ఆయన లేకుండా పని జరగదు, అప్పుడు ఆయనను ఎవరూ ప్రశ్నించలేరు. నెలకోసారి సెల్లార్‌లో అరగంట కూడి లెక్క పైకి చదవండి. పదిమందే వచ్చినా చదవండి.

డబ్బు కట్టని ఫ్లాటుకు నీళ్ళ కనెక్షన్ తీసేద్దాం అని ఎవరో ఒకరు మొదటి నెలలోనే అంటారు. ఒప్పుకోకండి. ఇద్దరు ఇంటికి వెళ్ళి మాట్లాడాలి. చాలాసార్లు ఉద్యోగం పోయిందనో, ఆస్పత్రి ఖర్చనో తెలుస్తుంది. నీళ్ళు ఆపడం వెలివేయడమే.

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ కూటమిలో ఎవరుంటారన్నది. చాలాచోట్ల ఓనర్లకే మాట ఉంటుంది. అద్దెకున్నవాళ్ళు డబ్బు కడతారు కానీ నోరెత్తకూడదు. పనమ్మాయిలు లిఫ్టు ఎక్కకూడదని బోర్డు పెట్టేది ఇలాంటి కూటముల్లోనే. మోటారు ఎప్పుడు వేయాలో నిర్ణయించేటప్పుడు రాత్రి రెండింటికి లేచి మోటారు వేసే వాచ్‌మన్, సెల్లార్‌లో ఒక్క గదిలో పిల్లలతో ఉండే ఆయన భార్య అక్కడ లేకపోతే, మీరు చేసేది కూడా చిన్న వీడీసీయే. వాళ్ళను పిలవండి, నిలబెట్టకుండా కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ముందు వాళ్ళనే మాట్లాడమనండి. మొదటి రెండు మూడు సార్లు "మీ ఇష్టం సార్" అంటారు. సభలో నిజం చెప్పడం వాళ్ళకు ఎంత ప్రమాదమో వాళ్ళకు తెలుసు. జీతం, గది ఈ మాటలతో ముడిపడవని కాగితం మీద రాసి సంతకాలు చేసి ఇవ్వండి. అప్పటికీ సమయం పడుతుంది. పొదుపు సంఘాల్లో వెనక వరసలో కూర్చున్న ఆమె లేచి "లెక్క తప్పింది" అనడానికి కూడా ఏడాది దాటిన సందర్భాలు నాకు తెలుసు.